జాల్యా తాత ఐడీ

ఐలేశ్ తాడిచెట్టు మీది నుంచి పడిన ఏడు అతనికి ముప్పై ఆరేళ్లు. మొగుళ్లపల్లి పక్క ఊరు వాళ్లది, గౌండ్ల కుటుంబం. తండ్రి గీసిన తాళ్లనే తనూ గీసేవాడు. ఆ పొద్దున మంచుకు చెట్టు తడిసి ఉంది. సగం పైకి పోయాక నడుముకు, చెట్టుకు కలిపి చుట్టుకునే మోకు జారింది. కల్లు కోసం కింద కూర్చున్నవాళ్లు పరుగున వచ్చేసరికి తెలివిలోనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. కాళ్లు ఎక్కడున్నాయో మాత్రం తెలియడం లేదన్నాడు. వరంగల్‌లో ఆపరేషన్ అయింది. నడుము కింది భాగం ఇక కదలదని డాక్టర్ అతనికి చెప్పలేదు, భార్య విజయకు చెప్పాడు. ఆమె ఆ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతుంటే ఐలేశే ఒకరోజు, నాకు తెలుసులే, ఇంక దాచకు అన్నాడు.

అంతకుముందు అతను ఇంటి పట్టున ఉండే మనిషి కాదు. పొద్దున చెట్ల మీద, పగలు కల్లు అమ్మే మండువలో, సాయంత్రం మళ్లీ చెట్ల మీద. గౌండ్లలో తాళ్లకు వంతులుంటాయి. ఒకరి వంతు చెట్టును ఇంకొకరు ముట్టరు. ఎవరైనా ముట్టారని గొడవ లేస్తే సంఘం వాళ్లు ఐలేశ్‌ను పిలిచేవాళ్లు. ఒకసారి తప్పు చేసింది తన సొంత చిన్నాయన కొడుకే అని తేలింది. ఐలేశ్ అదే మాట నలుగురిలో చెప్పాడు. ఆ ఇంటివాళ్లు అప్పటి నుంచి పలకడం మానేశారు. అతను పడ్డాక చూడటానికి కూడా రాలేదు.

మిగతావాళ్లు మొదట్లో వచ్చారు. మంచం చుట్టూ కూర్చుని, ఎట్ల పడ్డావని అడిగి, ఇంకెవరు ఎట్ల పడ్డారో చెప్పుకుని పోయారు. తర్వాత వారానికొకరు వచ్చారు. తర్వాత వాకిట్లోంచే పలకరించి పోయారు. ఐలేశ్‌కు, విజయకు పిల్లలు లేరు. విజయ కూలికి పోక తప్పదు. నీళ్ల సీసా, అన్నం గిన్నె చేతికందే దూరంలో పెట్టి, తలుపు దగ్గరకు వేసి, పత్తి ఏరడానికో మిరప తోటకో పోయేది. అప్పటి నుంచి ఆమె తిరిగొచ్చేదాకా ఐలేశ్‌కు కనపడేది రేకుల కప్పు, కిటికీలోంచి ఎదురింటి గోడ.

విజయ తమ్ముడు హరీశ్ ఆటో నడుపుతాడు. బావ అట్లా కప్పు చూస్తూ పడి ఉండటం చూడలేక ఒకరోజు అతని ఫోన్‌లో ఒక ఆట వేసిచ్చాడు. ఆ ఆట పేరు కోటగడ్డ. ఆడేవాడికి ఒక ఊరు ఇస్తారు. అందులో ధాన్యం పండించాలి, గోడ కట్టాలి, సిపాయిలను పెంచాలి. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఎక్కడెక్కడో ఫోన్లు పట్టుకుని కూర్చున్న మనుషులవే. కొంతమంది కలిసి ఒక జట్టు కడతారు. జట్టువాళ్లు ఒకరికొకరు ధాన్యం పంపుకోవచ్చు, దాడి జరిగితే సిపాయిలను పంపవచ్చు. తెలుగువాళ్లు ఆడుకోవడానికి వేరే గడ్డ ఉంది, మాటలు తెలుగులోనే రాసుకోవచ్చు.

ఆటకు ఒక్కటే పెద్ద నియమం. ఒక మనిషికి ఒకటే ఐడీ, ఒకటే ఊరు. ఒకడే నాలుగు పేర్లతో నాలుగు ఊళ్లు పెట్టుకుంటే మూడు ఊళ్ల పంట నాలుగో ఊరికి తోలుకుంటాడు. ఒక్క ఊరితో నిజాయితీగా ఆడేవాడు వాడి ముందు ఎప్పటికీ నిలబడలేడు. ఈ సంగతి ఐలేశ్‌కు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. కొన్ని నెలలకు, తానూ ఆడుతున్న హరీశ్‌కు ఆట మీద మోజు తీరి, నా ఊరు కూడా నువ్వే ఉంచుకో బావా, ఊరికే పోతది అంటే ఐలేశ్ ఒప్పుకోలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని ఆ ఊరు అతని చేతే తీసేయించాడు.

జట్టులో చాలామందే ఉన్నా అతనికి దగ్గరైంది ముగ్గురు.

మొదటివాడు జాల్యా. మానుకోట జిల్లా కొత్తగూడ మండలంలో దేవ్యా తండా తనదని, పోడు చేసుకుంటానని, చెవులు సరిగా వినపడవని రాశాడు. ఫోన్‌లో మాట్లాడటం కుదరదు, రాతలోనే మాట్లాడుకుందాం బిడ్డా అన్నాడు. రాయడం రాదు గదా తాతా అంటే, నేను నోటితో చెప్తే ఫోనే రాసుకుంటది అన్నాడు. రెండోవాడు కృపాకర్, లింగాల ఘనపూర్ మనిషి. కరెంటు మోటార్లు బాగుచేస్తాడు, ఎప్పుడూ నవ్విస్తాడు. ఆదివారం చర్చిలో నీ కోసం ప్రార్థన చేయించిన అని రాసేవాడు. మూడో మనిషి సంగీత. మానుకోటలో నర్సు.

ఐలేశ్‌కు పడుకుని పడుకుని నడుము కింద పుండు పడింది. ఆ మాట ఒకసారి జట్టులో ఊరికే అంటే సంగీత వివరంగా రాసింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, తడి ఉండనివ్వొద్దని, మడమల కింద మెత్తటి గుడ్డ పెట్టాలని. విజయ అన్నీ అట్లే చేసింది. మధ్యాహ్నం ఒకసారి పక్కింటామెను పిలిచి తిప్పించే ఏర్పాటు చేసుకుంది. పుండు మానింది. ఆ రోజు నుంచి విజయ సంగీతమ్మ అనే అనేది. చీర కట్టుకుని పనికి పోయే తొందరలో కూడా, సంగీతమ్మ ఏమన్న రాసిందా అని అడిగి పోయేది. జాల్యా తాత ఏం తిన్నాడో, అడవిలో ఇప్పపువ్వు రాలుతున్నదో లేదో కూడా ఆమెకు కావాలి. ఆ ఇంటికి మనుషులు రావడం మానేశాక వచ్చిన మనుషులు వాళ్లే.

రెండో ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఐలేశ్ పక్క తడిసింది. పక్కింటామె ఊళ్లో లేదు. విజయ వచ్చేదాకా ఆ తడిలోనే, ఆ వాసనలోనే పడి ఉండాలి. ఏడుపు కూడా రాలేదట. ఫోన్ తీసి జాల్యాకు రాశాడు. తాతా, నాకు బతకాలని లేదు, ఇంక చాలనిపిస్తున్నది అని.

కాసేపటికి జవాబొచ్చింది.

“ఇయ్యాల ఒద్దు బిడ్డా. రేపు నీతోని పనున్నది. నువ్వు లేకపోతే తూర్పు దిక్కు ఎవరు జూస్తరు?”

వాళ్ల జట్టు ఊళ్లకు తూర్పున అంచున ఉన్నది ఐలేశ్ ఊరు. అవతలి జట్టువాళ్లు వస్తే ముందు అతని గోడే దాటాలి. ఆ మాట చదివి ఐలేశ్ ఏడ్చాడు. పడ్డప్పటి నుంచి అందరూ అతనికి చేసేవాళ్లే. నీతో పనుందని అన్న మనిషి ఒక్కడు లేడు. మర్నాడు తెల్లవారగానే ఫోన్ తీసి, చెప్పు తాతా, ఏం పని అని అడిగాడు. జాల్యా గోడ ఇంకో వరస లేపమన్నాడు. లేపాడు. ఆ తర్వాత రోజు ఇంకో పని. అట్లా రోజులు గడిచాయి. ఆ సంగతి విజయకు చాలా రోజుల తర్వాత చెప్పాడు. ఆమె లేచింది. వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆట నడిపే కంపెనీ వాళ్లు తెలుగువాళ్ల తగాదాలు చూడటానికి ఆడేవాళ్లలోంచే ఒకరిద్దరిని అడ్మిన్లుగా పెట్టుకుంటారు. జీతం ఏమీ ఉండదు, మాట మాత్రం చెల్లుతుంది. హరీశ్ ఐడీ తీసేయించిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఐలేశ్ పేరు చెప్పారు. అవతలి జట్టువాళ్లు కూడా కాదనలేదు. ఒకే మనిషి రెండు ఐడీలతో ఆడుతున్నాడని ఫిర్యాదు వస్తే, ఏ ఐడీని ఏ ఫోన్‌లోంచి తెరిచారో అడ్మిన్‌కు కనపడుతుంది. ఐలేశ్ ఇరుపక్కల మాటా విని తీర్పు చెప్పేవాడు. మంచంలో పడ్డాక అతని మాటకు విలువ వచ్చింది అక్కడే. సంఘంలో కూర్చున్నట్టే ఉందని విజయతో అన్నాడు.

మూడో ఏడు పత్తి మొదటి ఏరుడు అప్పుడు అవతలి జట్టు పెద్ద కొమురయ్య ఫిర్యాదు పెట్టాడు. అతనిది జనగామ. జాల్యా, కృపాకర్, సంగీత ముగ్గురూ దొంగ ఐడీలేనని, వాళ్ల ధాన్యమంతా నరేందర్ అనేవాడి ఊరికి పోతున్నదని, నలుగురూ ఒకడేనని రాశాడు. నరేందర్ కూడా ఐలేశ్ జట్టువాడే. మాటలు తక్కువ, ఊరు మాత్రం గడ్డ మొత్తంలో పెద్దది.

ఐలేశ్‌కు కోపం వచ్చింది. ఓడిపోయే ముందు ఎవరైనా ఇట్లాంటి మాటలే అంటారు అనుకున్నాడు. వాళ్ల పేరు మీద మచ్చ తుడిచేద్దామనే అడ్మిన్ తెర తెరిచాడు. నాలుగు పేర్ల పక్కన ఒకటే ఫోన్ గుర్తు ఉంది.

మొదట జాల్యాను అడిగాడు. జాల్యా వెంటనే రాశాడు, నరేందర్ నా మనుమడు బిడ్డా, ఇంట్ల ఒక్కటే ఫోను అని. అది నమ్మదగిన మాటే. తండాల్లో, పల్లెల్లో ఒక ఫోన్ పట్టుకుని ఇంటిల్లిపాదీ ఆడతారు. ముందుగా అడ్మిన్‌కు చెప్పాలి, ఒకే ఫోన్‌వాళ్లు ఒకరికొకరు ధాన్యం పంపుకోకూడదు, అంతే. కానీ లింగాల ఘనపూర్‌లో ఉండే కృపాకర్ ఆ ఫోన్‌లోకి ఎట్లా వచ్చాడు? కృపాకర్‌ను అడిగాడు. తెర మీద జాల్యా పేరు పక్కన, ఆటలో ఉన్నట్టు చూపే దీపం ఆరిపోయింది, కృపాకర్ పేరు పక్కన వెలిగింది. చుట్టపుచూపుగా కొత్తగూడ వచ్చిన అన్నా అని జవాబు. సంగీతను అడిగాడు. కృపాకర్ దీపం ఆరింది, సంగీతది వెలిగింది. ఐలేశ్ తెర మూసేశాడు.

అయినా మనసు ఒప్పుకోలేదు. మిగతా ఇద్దరూ లేకపోయినా జాల్యా తాత ఉండవచ్చు గదా అనుకున్నాడు. ఆ ముసలాయన మనుమడు చేసిన పని ముసలాయనకు తెలియకపోవచ్చు. నిన్ను చూడటానికి వస్తున్న తాతా అని రాశాడు. తొవ్వ మంచిగ లేదు, నీ పానానికి కుదుపు మంచిది కాదు, రావద్దు బిడ్డా అని జవాబొచ్చింది.

హరీశ్‌ను పిలిచి, ఆటోలో పరుపు వేయమన్నాడు. విజయకు ఫిర్యాదు సంగతి చెప్పలేదు. తాతను చూసొస్తానన్నాడు. ఆమె సంతోషపడింది. తానూ వచ్చేదే గానీ పత్తి ఏరుడుకు మాట ఇచ్చింది. పిండి కలిపి గరిజెలు చేసి, డబ్బాలో పెట్టి, పళ్లు లేకుంటే పాలల్ల నానబెట్టుకోమని చెప్పు అంది. మానుకోట దాకా పోగలిగితే సంగీతమ్మకు కూడా ఇయ్యమని ఇంకో డబ్బా కట్టింది.

పరకాల మీదుగా పోయి నర్సంపేట దాటారు. అక్కడి నుంచి పాకాల అడవి. ఇన్నాళ్ల తర్వాత ఐలేశ్ చెట్లను చూశాడు. హరీశ్ అద్దంలోంచి బావను చూస్తూ మెల్లగా నడిపాడు. గుంత వచ్చినప్పుడల్లా ఆపి, దిగి, వెనక్కి వచ్చి పరుపు సర్దేవాడు. కొత్తగూడలో అడిగితే దేవ్యా తండాకు దారి చెప్పారు.

తండా మొదట్లోనే ఒకామె మిరపకాయలు ఎండబోస్తున్నది. హరీశ్ దిగి, జాల్యా తాత ఇల్లేదని అడిగాడు. ఆమె నిలబడి ఆలోచించింది. ఆటోలో పడుకుని ఉన్న ఐలేశ్ దగ్గరకు వచ్చింది.

“మా తండల జాల్యా అనేటోళ్లు ఎవ్వరు లేరు బిడ్డా. నేను గీడికొచ్చి ముప్పై ఏండ్లయితుంది.”

నరేందర్ ఇల్లేదని ఐలేశే అడిగాడు. ఆమె ముఖం విప్పారింది. నా కొడుకే అన్నది. పేరు రుక్కి అని చెప్పింది. ఆటోను తన ఇంటి ముందు వేప నీడలో ఆపించి, చెంబుతో నీళ్లు తెచ్చింది. ఐలేశ్ కాళ్లు చూసి, ఏమైందని అడిగి, తాడి మీది నుంచి పడ్డానంటే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కొడుకు డిగ్రీ చదివాడని, పోలీసు ఉద్యోగం పరుగులో రెండుసార్లు పోయిందని, ఇప్పుడు పొద్దస్తమానం ఫోన్ పట్టుకునే ఉంటాడని, దోస్తులు ఎక్కువని చెప్పింది. మీ అసొంటోళ్లు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాలన్నది.

నరేందర్ కట్టెల మోపు బండి వెనక కట్టుకుని వచ్చాడు. పాతికేళ్లుంటాయి. సన్నగా, బక్కగా ఉన్నాడు. ఆటోను చూసి బండి ఆపాడు. పరుపు మీద మనిషిని చూసి, దిగకుండా అట్లే కూర్చుండిపోయాడు. తర్వాత దగ్గరకు వచ్చి తల్లితో వాళ్ల మాటలో ఏదో అన్నాడు. ఆమె చాయ పెట్టడానికి లోపలికి పోయింది.

“గింత దూరం ఎందుకొచ్చినవన్నా?”

“తాతను జూద్దామని.”

నరేందర్ ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఐలేశ్ కళ్లలోకి చూడలేదు.

“తాత లేడన్నా. కృపాకర్ లేడు, సంగీత లేదు. అన్ని నేనే.”

ఐలేశ్ ఇది సగం తెలిసే వచ్చాడు.  అయినా, మరి పుండు సంగతి ఎట్ల తెలిసిందని అడిగాడు. ఫోన్లో వెతికి రాసిన అన్నాడు నరేందర్. తప్పు రాయలేదు గదా అని కూడా అన్నాడు. అతను పొగరుగా మాట్లాడటం లేదు. పరీక్షలో పట్టుబడ్డ పిల్లవాడిలా అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. ఎందుకు చేసినవంటే, ఒక్క ఊరుతో ఆడితే ఎప్పటికీ వెనకనే ఉంటాం, బయట ఎక్కడా గెలవలేదు, ఇక్కడన్నా ముందుండాలనిపించింది అన్నాడు. అవతల కొమురయ్య మాత్రం తక్కువ తిన్నాడా అన్నాడు.

ఐలేశ్ అడగాలనుకున్నది అది కాదు. ఎండాకాలంలో తాను రాసిన మాట గుర్తుందా అని అడిగాడు. ఏది అన్నాడు నరేందర్. ఐలేశ్ తాను రాసింది చెప్పాడు, దానికి తాత ఇచ్చిన జవాబూ చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. నరేందర్ గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. అది అతని ముఖంలో కనపడుతున్నది.

“ఆ... అప్పుడు లడాయి నడుస్తుండె. నువ్వు ఆట బంద్ జేస్తే తూర్పు దిక్కు ఖాళీ అయితది, జనగామోళ్లు లోపటికొస్తరు. అందుకని రాసిన.”

“నేను సచ్చిపోతనని రాసిన గద. నమ్మినవా?”

 నరేందర్ అబద్ధం చెప్పాలా వద్దా అని చూసుకున్నట్టున్నాడు.

“ఆటల ఓడిపోయినోళ్లు అందరు గట్లనే రాస్తరన్నా.”

రుక్కి చాయ తెచ్చింది. హరీశ్ తాగాడు. ఐలేశ్ చేతి గ్లాసులో చాయ చల్లారిపోయింది. గరిజెల డబ్బాలు రెండూ రుక్కికే ఇప్పించాడు. ఎందుకు బిడ్డా ఇన్ని అంటూనే ఆమె తీసుకుంది. పరుపు ఒక పక్కకు జారి ఉంటే నరేందర్ ఎవరూ చెప్పకుండానే లోపలికి ఎక్కి, ఐలేశ్ చంకల కింద చేతులు వేసి, నొప్పి కలగకుండా పైకి జరిపాడు. పక్కకు తిప్పి నడుము కింద దుప్పటి మడిచి పెట్టాడు. ఎట్లా పెట్టాలో అతనికి తెలుసు. దిగాక మెల్లగా అన్నాడు.

“అన్నా, ఐడీలు తీసెయ్యకు. జట్టంత కూలిపోతది. నీక్కూడ ఎవ్వరుండరు.”

ఐలేశ్ హరీశ్‌ను ఆటో తీయమన్నాడు. తిరుగు దారంతా కళ్లు మూసుకునే ఉన్నాడు. నర్సంపేట దగ్గర హరీశ్, అక్కకు ఏం చెప్తావు బావా అని అడిగాడు. 

విజయ వాకిట్లోనే ఎదురుచూస్తున్నది. పరుపు దింపకముందే అడిగింది, తాత ఎట్లున్నడని.

“మంచిగున్నడు.”

“గరిజెలు తిన్నడా?”

“పాలల్ల నానబెట్టుకుని తిన్నడు.”

సంగీతమ్మ గురించి అడిగితే, మానుకోట దాకా పోవడం కుదరలేదు, ఆమె డబ్బా తాత పంపుతానన్నాడు అని చెప్పాడు. హరీశ్ ఆటో తుడవడానికి పోయాడు. ఇంతకాలం ఇరుపక్కల మాటా విని ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి, ఆ సాయంత్రమంతా భార్యకు లేని ముసలివాడి కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. ఆమె అడిగే కొద్దీ ఇంకొంచెం చెప్పాల్సి వచ్చింది. తాత ఇల్లు, తాత చెవులు, తాత మీసాలు. విజయ వింటూ నవ్వింది. ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో అతనికి తెలుసు. అందుకే మధ్యలో ఆపలేకపోయాడు.

తీర్పు రాయడానికి అతనికి కొన్ని రోజులు పట్టింది. రాయకుండా ఉండే దారి ఉంది. ఇంకో అడ్మిన్‌కు ఇచ్చి తప్పుకోవచ్చు, నరేందర్ ఒక్కడినే హెచ్చరించి వదలవచ్చు. కానీ వేరేవాళ్లు ఇదే తప్పు చేసినప్పుడు తాను ఏం చేశాడో తనకు తెలుసు. విజయ పనికి పోయాక నాలుగు ఐడీలూ తీసేశాడు. నరేందర్, కృపాకర్, సంగీత. జాల్యా పేరు చివరిదాకా ఉంచాడు. నిజంగా తీసేయాలా అని తెర ఒకసారి అడుగుతుంది. అవునన్న చోట వేలు పెట్టాడు. వాళ్లు రాసిన మాటలన్నీ ఐడీలతో పాటే పోతాయని అతను ఆలోచించలేదు. ఎండాకాలం నాటి ఆ జవాబు కూడా పోయింది.

జట్టు కూలింది. తెల్లవారేసరికి అవతలివాళ్లు తూర్పు గోడ దాటి వచ్చారు. మిగిలినవాళ్లు ఐలేశ్‌ను తిట్టారు. సొంతవాళ్లనే పొడిచాడన్నారు, కొమురయ్యకు అమ్ముడుపోయాడన్నారు. కొందరు, కుంటోడు ఇంతకన్నా ఏం చేస్తాడని రాశారు. అతను అన్నీ చదివాడు.

న్యాయం ఒక వైపే చేశాడన్న మాట పడకూడదని కొమురయ్య జట్టును కూడా చూశాడు. కొమురయ్యకే ఆరు ఐడీలున్నాయి. వాటినీ తీసేశాడు. అటు నుంచి కూడా తిట్లు మొదలయ్యాయి. ఇంక ఆగలేకపోయాడు. పొద్దంతా ఒక్కొక్క పేరే తీసి చూసేవాడు. తనతో బతుకమ్మ పండుగ నాడు మాట్లాడినామె, పోయిన వాన గురించి మాట్లాడిన రైతు, తన ఊరు మీద దాడి జరిగితే సాయమొచ్చిన కుర్రవాడు. కొందరు నిజం మనుషులు. చాలామంది కారు. ఏ పేరు వెనక ఎవరున్నారో తెలుసుకోవాలని మొదలుపెట్టినవాడు, చివరికి ఒకే ఒక్క ఐడీ ఉన్నవాళ్లను కూడా నమ్మలేకపోయాడు. ఎవరైనా, తిన్నావా అన్నా అని రాస్తే, వీళ్లకు నాతో ఏం పని పడిందో అనుకునేవాడు.

ఆడేవాళ్లు తగ్గిపోయారు. కొన్ని వారాలకు కంపెనీ తెలుగు గడ్డను మూసేసి, మిగిలిన ఊళ్లను వేరే గడ్డలో కలిపింది. అక్కడ ఎవరూ తెలుగులో రాయరు. అడ్మిన్‌గా చేసినందుకు ధన్యవాదాలని ఐలేశ్‌కు ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది. హరీశ్ చదివి చెప్పాడు.

మిరప ఏరుళ్ల కాలంలో ఒక పగటిపూట ఫోన్ మోగింది. నరేందర్. హైదరాబాద్‌లో ఒక గోదాములో పని దొరికిందని, ఆట మానేశానని, అమ్మ మంచీచెడ్డా అడగమన్నదని చెప్పాడు. అమ్మ గరిజెల డబ్బాలు కడిగి దాచిపెట్టిందట, ఎవరైనా అటు వస్తే పంపుతుందట.  ఆ తర్వాత కూడా ఫోన్ పెట్టేయలేదు. తన మీద కోపంగా ఉందా అని అడిగాడు.

 ఐలేశ్ అన్నాడు, “ఫోను తాతకు ఒక్కసారి ఇయ్యి.”

 నరేందర్‌కు అర్థం కాలేదేమో అనుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్న శబ్దం వినపడింది. గొంతు కిందికి దించి, మాటలు సాగదీస్తూ, నరేందర్ మొదలుపెట్టాడు.

“ఏం బిడ్డా... తిన్నవా?”

ఐలేశ్ కళ్లు మూసుకున్నాడు. ఈ మూడేళ్లలో తాను మనసులో విన్న గొంతు దీనికి అతకడానికి ప్రయత్నించాడు. వణుకు తెప్పించుకుంటున్న పాతికేళ్ల కుర్రవాడి గొంతు అది. వెనక గోదాములో ఎవరో నరేందర్ అని కేకేస్తున్నారు. బిడ్డా, వినపడుతుందా అని మళ్లీ అడిగింది గొంతు. ఐలేశ్ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ మోగితే ఎత్తలేదు.

ఆ తర్వాత నరేందర్ ఫోన్ చేయలేదు. ఐలేశ్ తన ఫోన్‌లోంచి ఆటను తీసేశాడు. హరీశ్ వేరే ఆటలు వేసిస్తానంటే వద్దన్నాడు. విజయ మాత్రం జాల్యా తాత ఏం రాశాడని ఇప్పటికీ అడుగుతుంది. అతను ఏదో ఒకటి చెబుతాడు. ఇప్పపువ్వు ఏరుతున్నాడని, మోకాళ్లు నొస్తున్నాయని, పంట మంచిగా వచ్చిందని. చెప్పడం కష్టమవుతున్నది, ఎందుకంటే ఆమెకు వెనకటివన్నీ గుర్తుంటాయి. మొన్న ఆమె పత్తి సంచి భుజానికి వేసుకుంటూ, ఈసారి తాతను మన ఇంటికి రమ్మను, హరీశ్‌ను పంపుదాం అంది. అడుగుతానన్నాడు. ఆమె నీళ్ల సీసా దగ్గరకు జరిపి, తలుపు వేసి పోయింది.